విదేశీ చెక్కుపై బ్యాంకు కోతలు – లెక్క అడగడం ఎలా?

మీ అబ్బాయో, అన్నగారో విదేశంలో ఉన్నారనుకోండి. పండుగ ఖర్చులకని డాలర్లలో ఒక చెక్కు పంపారు. లేదా మీరే కొంతకాలం అమెరికాలో పనిచేసి తిరిగివచ్చారు, అక్కడి పన్ను శాఖ నుంచి మీకు రావలసిన సొమ్ము చెక్కుగా వచ్చింది. మీరు దానిని మీ ఖాతాలో వేశారు. కొన్ని వారాల తరువాత పాస్‌బుక్కు చూసుకుంటే మీరు అనుకున్నదానికంటె బాగా తక్కువ పడింది. రెండు రోజుల తరువాత "ఛార్జీలు" అని రాసి మరికొంత తగ్గించారు. కౌంటరు దగ్గర అడిగితే "ఫారిన్ చెక్కు కదండీ, అలాగే ఉంటుంది" అన్నారు.

అలా ఎందుకు ఉంటుంది? ఆ కోతలో న్యాయమైనది ఎంత, ప్రశ్నించదగినది ఎంత? దానిని ఎవరిని, ఎలా అడగాలి? ఈ పాఠంలో ఈ విషయాలను తెలుసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– విదేశీ చెక్కు సొమ్ముగా మారే క్రమాన్ని వివరించగలుగుతారు;
– మొత్తం తగ్గింపును భాగాలుగా విడదీసి లెక్క వేయగలుగుతారు;
– ఏ ఛార్జీని ప్రశ్నించవచ్చో, ఏది తప్పనిదో గుర్తించగలుగుతారు;
– బ్యాంకుకు లెక్క అడుగుతూ, డబ్బు వాపసు కోరుతూ ఉత్తరాలు రాయగలుగుతారు;
– బ్యాంకు వినకపోతే ఎక్కడికి వెళ్లాలో చెప్పగలుగుతారు.

1. విదేశీ చెక్కు ప్రయాణం

మన దేశంలోని ఒక బ్యాంకు చెక్కును మరొక బ్యాంకులో వేస్తే ఒకటి రెండు రోజుల్లోనే సొమ్ము జమ అవుతుంది. అది రూపాయలలో రాసిన చెక్కు. సొమ్ము ఇవ్వవలసిన బ్యాంకు, పుచ్చుకునే బ్యాంకు రెండూ మన దేశంలోనే ఉంటాయి. విదేశీ చెక్కు సంగతి వేరు. అది డాలర్లు, పౌండ్లు వంటి పరాయి నాణెంలో రాసినది. సొమ్ము ఇవ్వవలసిన బ్యాంకు సముద్రాల అవతల ఉంది.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. గల్ఫ్ దేశాల నుంచి మనవాళ్లు పంపే డ్రాఫ్టులు కొన్ని రూపాయలలోనే ఉంటాయి. వాటి సొమ్ము మన దేశంలోని బ్యాంకే చెల్లిస్తుంది. విదేశం నుంచి వచ్చినంత మాత్రాన అవి విదేశీ చెక్కులు కావు. చెక్కు మీద ఏ నాణెం పేరు ఉంది, సొమ్ము ఇవ్వవలసిన బ్యాంకు ఏ ఊరిలో ఉంది అనే రెండూ చూడండి.

ఇప్పుడు విదేశీ చెక్కు ప్రయాణాన్ని వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు: మీరు మీ బ్రాంచిలో చెక్కు ఇస్తారు. అన్ని బ్రాంచీలూ విదేశీ మారకం పని చేయవు. కనుక మీ బ్రాంచి ఆ చెక్కును ఆ పని చేసే పెద్ద బ్రాంచికి పంపుతుంది.

రెండవ మెట్టు: ఆ పెద్ద బ్రాంచి చెక్కును విదేశంలో మన బ్యాంకు తరఫున పనిచేసే మరొక బ్యాంకుకు పంపుతుంది. ఈ పాఠంలో దానిని ప్రతినిధి బ్యాంకు అందాం. మన బ్యాంకుకు అక్కడ డాలర్లలో ఒక ఖాతా ఉంటుంది. బ్యాంకు ఉద్యోగులు దానిని నాస్ట్రో ఖాతా అంటారు.

మూడవ మెట్టు: ప్రతినిధి బ్యాంకు చెక్కు రాసినవారి బ్యాంకు నుంచి డాలర్లు రాబట్టి, తన రుసుము మినహాయించుకొని, మిగిలినది మన బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఆ సంగతి తెలుపుతూ ఒక సమాచార పత్రం పంపుతుంది. ఈ పత్రాన్ని గుర్తుంచుకోండి. దీని అవసరం మనకు ముందు ముందు వస్తుంది.

నాలుగవ మెట్టు: మన బ్యాంకు ఆ డాలర్లను ఆ రోజు తన కొనుగోలు రేటు ప్రకారం రూపాయలుగా మార్చి, తన కమీషను, ఇతర ఖర్చులు, పన్ను తగ్గించి మీ ఖాతాలో జమ చేస్తుంది.

ఇలా పంపడాన్ని వసూలుకు పంపడం అంటారు. ఇది పూర్తి కావడానికి వారాలు పట్టవచ్చు. ఈ పని తలకెత్తుకోవడం ఇష్టంలేక కొన్ని బ్యాంకులు ఇటీవలి సంవత్సరాలలో విదేశీ చెక్కులు తీసుకోవడమే మానేశాయి. కాబట్టి చెక్కు తెప్పించుకునే ముందే మీ బ్రాంచిలో అడిగి తెలుసుకోండి.

2. ఎక్కడెక్కడ కోత పడుతుంది?

పాస్‌బుక్కులో ఒకటి రెండు అంకెలే కనిపిస్తాయి. వాటి వెనుక అయిదు రకాల తగ్గింపులు ఉండవచ్చు.

అ) ప్రతినిధి బ్యాంకు రుసుము. ఇది విదేశంలోనే, డాలర్లలోనే తగ్గుతుంది. మీ పాస్‌బుక్కులో ఇది ఛార్జీగా కనిపించదు. జమ అయిన మొత్తమే తక్కువగా ఉంటుంది.

ఆ) మారకపు రేటులో తేడా. పత్రికలో మీరు చదివే డాలరు ధర బ్యాంకులు తమలో తాము జరుపుకునే లావాదేవీలది. బ్యాంకు మీ దగ్గర డాలరును అంతకంటె తక్కువకు కొంటుంది, మీకు అమ్మేటప్పుడు ఎక్కువకు అమ్ముతుంది. ఆ తేడా దాని లాభం. ఇప్పటికే వసూలై వచ్చిన సొమ్ముకు సాధారణంగా టీటీ కొనుగోలు రేటు అనే రేటు వాడతారు. బ్యాంకులు ప్రతి పనిదినం తమ రేట్ల పట్టికను ప్రకటిస్తాయి.

ఇ) మన బ్యాంకు కమీషను. చెక్కు వసూలు చేసి పెట్టినందుకు తీసుకునే రుసుము.

ఈ) తపాలా లేదా కొరియరు ఖర్చు.

ఉ) పన్ను. 2017 జూలై 1 నుంచి వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చింది. దీనినే జీఎస్టీ అంటున్నాం. బ్యాంకు తీసుకునే రుసుము మీద ఇది 18 శాతం. దీనికి తోడు నాణెం మార్పిడి అనే సేవ మీద కూడా పన్ను ఉంది. లక్ష రూపాయల వరకు మార్పిడి అయితే, మార్చిన మొత్తంలో 1 శాతాన్ని సేవ విలువగా తీసుకుంటారు. అది 250 రూపాయల కంటె తక్కువైతే 250 రూపాయలుగానే లెక్కిస్తారు. దాని మీద 18 శాతం పన్ను. అంటే ఎంత చిన్న చెక్కుకైనా ఈ పద్దు కింద కనీసం 45 రూపాయలు పడుతుంది.

వీటిలో కొన్ని చెక్కు పెద్దదైనా చిన్నదైనా ఒకే విధంగా ఉంటాయి. అందువల్ల చిన్న చెక్కు మీద భారం ఎక్కువ. 5,000 డాలర్ల చెక్కులో 20 డాలర్లు పోతే పెద్దగా తెలియదు. 50 డాలర్ల చెక్కులో 20 డాలర్లు పోతే సగం దగ్గరకు వచ్చినట్టే.

3. లెక్క వేసి చూద్దాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈ ఉదాహరణ, ఇందులోని ధరలు, రుసుములు లెక్క అర్థం కావడానికి మనం అనుకున్నవి.

గుంటూరు జిల్లాలో ఒక రిటైరైన టీచరుగారు ఉన్నారు. టెక్సాస్‌లో ఉన్న కొడుకు ఆమెకు 200 డాలర్ల చెక్కు పంపాడు. పత్రికలో ఆ రోజుల్లో డాలరు ధర 80 రూపాయలు. కాబట్టి 16,000 రూపాయలు వస్తాయని ఆమె అనుకున్నారు. కంటి ఆపరేషను తరువాత మందులకు, కళ్లజోడుకు ఆ సొమ్ము సరిపోతుందని లెక్క చూసుకున్నారు. చెక్కు ఇచ్చేటప్పుడు ఆమె అడిగారు కూడా.

"ఏమైనా పట్టుకుంటారా బాబూ?"

"మూడు వందల దాకా అవుతుందండీ, అంతే."

అయిదు వారాల తరువాత పాస్‌బుక్కులో 14,220 రూపాయలు జమ అయింది. రెండు రోజుల తరువాత ఛార్జీల పేరిట 989 రూపాయలు తగ్గించారు. చేతికి మిగిలినది 13,231 రూపాయలు. అనుకున్నదానికి, వచ్చినదానికి తేడా 2,769 రూపాయలు. మూడు వందలన్నది దాదాపు మూడు వేలయింది.

ఆమె లెక్క అడిగి తెప్పించుకున్నారు. అది ఇలా ఉంది.

ప్రతినిధి బ్యాంకు తగ్గించినది 20 డాలర్లు. డాలరు 80 చొప్పున ఇది 1,600 రూపాయలు.
మిగిలిన 180 డాలర్లను బ్యాంకు 79 రూపాయల చొప్పున కొన్నది. డాలరుకు 1 రూపాయి తేడా. ఇది 180 రూపాయలు.
బ్యాంకు కమీషను 300 రూపాయలు.
కొరియరు 500 రూపాయలు.
కమీషను, కొరియరు కలిసి 800 రూపాయల మీద 18 శాతం పన్ను 144 రూపాయలు.
నాణెం మార్పిడి మీద పన్ను 45 రూపాయలు.

మొత్తం 2,769 రూపాయలు. తేడా పైసలతో సహా సరిపోయింది. కౌంటరులోని ఉద్యోగి చెప్పిన 300 అబద్ధం కాదు. అది కమీషను మాత్రమే. మిగిలిన అయిదు పద్దుల సంగతి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

లెక్క చేతికి వచ్చేవరకు ఆమెకు తెలిసింది తాను నష్టపోయానని మాత్రమే. వచ్చాక తాను ఏ పద్దును ప్రశ్నించాలో తెలిసింది. ఈ పాఠంలోని ముఖ్య సూత్రం ఇదే: ముందు లెక్క, తరువాత వాదన.

పాఠంలోని ప్రశ్నలు – 1

1. పాస్‌బుక్కులో ఛార్జీగా కనిపించకుండానే తగ్గిపోయే రెండు పద్దులు ఏవి?
2. బ్యాంకు కమీషను 400 రూపాయలు, కొరియరు 100 రూపాయలు అయితే వాటి మీద జీఎస్టీ ఎంత?

4. ఏ ఛార్జీని ప్రశ్నించవచ్చు?

ఒకప్పుడు బ్యాంకుల రుసుములను భారతీయ బ్యాంకుల సంఘం నిర్ణయించేది. 1999 సెప్టెంబరు నుంచి ఏ బ్యాంకు రుసుములను ఆ బ్యాంకు బోర్డే నిర్ణయించుకుంటోంది. అందుకే ఒక బ్యాంకులో ఒక రుసుము, పక్క బ్యాంకులో మరొకటి ఉంటుంది. ఎక్కువగా ఉంది అన్నంత మాత్రాన అది తప్పు కాదు.

అయితే ఈ స్వేచ్ఛకు హద్దులున్నాయి. రుసుములు సహేతుకంగా ఉండాలని, వాటి పట్టికను ఖాతాదారులకు కనిపించేలా ఉంచాలని, పెంచేటప్పుడు ముందుగా తెలియజేయాలని రిజర్వు బ్యాంకు చెబుతోంది. 2014 డిసెంబరులో అది ఖాతాదారుల హక్కుల పత్రాన్ని ప్రకటించింది. అందులో అయిదు హక్కులున్నాయి. పారదర్శకమైన, నిజాయితీ గల వ్యవహారం వాటిలో ఒకటి. ఫిర్యాదు పరిష్కారం, నష్టపరిహారం మరొకటి.

దీనిని బట్టి ప్రతి పద్దును ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి.

ఒకటి, ఈ రుసుము బ్యాంకు ప్రకటించిన పట్టికలో ఉందా? లేకపోతే ఏ ఆధారం మీద తీసుకున్నారు?

రెండు, పట్టికలో ఉన్నంతే తీసుకున్నారా, ఎక్కువ తీసుకున్నారా?

మూడు, వేరొకరికి చెల్లించామని చెప్పే ఖర్చుకు ఆధారం ఉందా? ప్రతినిధి బ్యాంకు 20 డాలర్లు తగ్గించిందంటే, దాని సమాచార పత్రంలో 20 డాలర్లే ఉండాలి.

నాలుగు, మారకపు రేటు ఏ తేదీది? ప్రతినిధి బ్యాంకు సొమ్ము ఇచ్చిన తేదీ ఏది, మీ ఖాతాలో పడిన తేదీ ఏది? మధ్యలో చాలా రోజులు గడిస్తే ఆలస్యానికి కారణం అడగండి. ప్రతి బ్యాంకుకు చెక్కుల వసూలు విధానం, నష్టపరిహార విధానం అని రెండు పత్రాలు ఉంటాయి. ఆలస్యానికి వడ్డీ ఇచ్చే సంగతి వాటిలో చూడవచ్చు.

మన టీచరుగారి లెక్కను ఇలా పరీక్షిద్దాం. కమీషను 300 పట్టికలో ఉంది, సరిపోయింది. రేటు ఆ రోజు బ్యాంకు ప్రకటించిన కొనుగోలు రేటే. పన్నులు చట్ట ప్రకారమే ఉన్నాయి. కొరియరు దగ్గర తేడా వచ్చింది. పట్టికలో విదేశీ చెక్కుకు కొరియరు 100 రూపాయలని ఉంది, తీసుకున్నది 500. అంటే 400 ఎక్కువ. దాని మీద వేసిన పన్ను 72. మొత్తం 472 రూపాయలు ఆమెకు తిరిగి రావాలి. 20 డాలర్లకు మాత్రం ఆధారం చూపమని అడగాలి.

2,769 మొత్తం తిరిగి ఇవ్వమని ఆమె అడిగి ఉంటే బ్యాంకు ఒక్క మాటలో కాదనేది. 472 అని అడిగితే అలా కొట్టివేయడం కష్టం.

5. ఉత్తరాలు రాయడం

నోటిమాటగా అడగడం మంచిదే. ఒక్కొక్కసారి మేనేజరుగారు అక్కడికక్కడే చూసి సరిచేస్తారు. కాని నోటిమాటకు తేదీ ఉండదు, సాక్ష్యం ఉండదు. కనుక ఉత్తరం కూడా ఇవ్వండి. తెలుగులో రాయవచ్చు. ఉత్తరం రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండవదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. చెక్కు వేసినప్పటి స్లిప్పు, చెక్కు జిరాక్సు, పాస్‌బుక్కు పేజీ జిరాక్సు జతచేయండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి.

మొదటి ఉత్తరం లెక్క అడగడానికి. నమూనా చూడండి.

బ్రాంచి మేనేజరు గారికి,
అయ్యా,
విషయం: విదేశీ చెక్కు వసూలులో తగ్గించిన మొత్తానికి వివరాలు కోరుట.
నేను మీ బ్రాంచిలో ఫలానా నంబరు పొదుపు ఖాతాదారును. ఫలానా తేదీన 200 డాలర్ల చెక్కును వసూలు కోసం ఇచ్చాను. ఫలానా తేదీన 14,220 రూపాయలు జమ చేసి, రెండు రోజుల తరువాత 989 రూపాయలు తగ్గించారు. చెక్కు ఇచ్చేటప్పుడు సుమారు 300 రూపాయలు అవుతుందని మాత్రమే నాకు చెప్పారు. దయచేసి ఈ కింది వివరాలు రాతపూర్వకంగా ఇప్పించగలరు.
1. విదేశంలోని బ్యాంకు వసూలు చేసిన డాలర్లు, తగ్గించిన డాలర్లు, మీ ఖాతాలో వేసిన తేదీ. ఆ బ్యాంకు పంపిన సమాచార పత్రం నకలు.
2. రూపాయలుగా మార్చిన తేదీ, వాడిన రేటు, ఆ రోజు మీ బ్యాంకు ప్రకటించిన రేట్ల పట్టిక.
3. 989 రూపాయలకు పద్దులవారీ లెక్క.
4. ఈ రుసుములు ఉన్న పట్టిక నకలు.
ఇట్లు,
పేరు, చిరునామా, సంతకం.

ఈ ఉత్తరంలో కోపం లేదు, నింద లేదు. తేదీలు, అంకెలు, నాలుగు ప్రశ్నలు ఉన్నాయి.

జవాబు వచ్చాక రెండవ ఉత్తరం. అది డబ్బు అడగడానికి. అందులో మూడు మాటలు చాలు: పట్టికలో ఎంత ఉంది, ఎంత తీసుకున్నారు, ఎంత తిరిగి ఇవ్వాలి. "మీ పట్టిక ప్రకారం కొరియరు 100 రూపాయలు. నా దగ్గర 500 తీసుకున్నారు. ఎక్కువ తీసుకున్న 400, దాని మీద పన్ను 72, మొత్తం 472 రూపాయలు నా ఖాతాలో జమ చేయగలరు" అని రాయాలి. ఇది ఫిర్యాదు అని ఉత్తరంలో స్పష్టంగా రాసి, ఫిర్యాదు నంబరు ఇవ్వమని కోరండి.

మన ఉదాహరణలో బ్యాంకు 472 రూపాయలు తిరిగి జమ చేసింది. సమాచార పత్రంలో 20 డాలర్లు తగ్గించినట్లే ఉంది. కనుక ఆ సొమ్ము తిరిగి రాలేదు. టీచరుగారికి పూర్తి సంతోషం కలగకపోవచ్చు. కాని ఎందుకు పోయిందో తెలియని రూపాయి ఇప్పుడు ఒక్కటీ లేదు.

పాఠంలోని ప్రశ్నలు – 2

1. ప్రతినిధి బ్యాంకు పత్రంలో 15 డాలర్లే తగ్గించినట్లు ఉండి, మన బ్యాంకు 20 డాలర్లు తగ్గించిందనుకోండి. డాలరు 79 రూపాయల చొప్పున ఎంత తిరిగి అడగాలి?
2. ఉత్తరం రెండవ ప్రతి మీద ముద్ర ఎందుకు వేయించుకోవాలి?

6. బ్యాంకు వినకపోతే

మొదటి మెట్టు మీ బ్రాంచి. అక్కడ పని కాకపోతే బ్యాంకులో ఫిర్యాదులు చూసే పై అధికారికి రాయండి. ఆయన పేరు, చిరునామా బ్రాంచి నోటీసు బోర్డు మీద ఉంటాయి.

రెండవ మెట్టు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. బ్యాంకులపై ఫిర్యాదులు వినడానికి ఈ ఏర్పాటు మన దేశంలో 1995లో మొదలయింది. 2021 నవంబరు 12న వేరువేరు పథకాలను కలిపి ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకంగా మార్చారు. దీనికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. కాని నేరుగా ఇక్కడికి వెళ్లకూడదు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సంతృప్తి కలిగించకపోయినా అప్పుడు వెళ్లవచ్చు. బ్యాంకు ముద్ర వేసిన మీ రెండవ ప్రతి ఇక్కడ ఉపయోగపడుతుంది. ఫిర్యాదును రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో నమోదు చేయవచ్చు. ఇంటర్నెట్ లేనివారు చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల స్వీకరణ కేంద్రానికి పోస్టులో పంపవచ్చు. సందేహాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ పథకంలో గడువులు ఉన్నాయి, నియమాలు కూడా అప్పుడప్పుడు మారుతుంటాయి. కనుక బ్యాంకు జవాబు రాగానే కదలండి, ఆలస్యం చేయవద్దు.

మూడవ మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వివాదం తలెత్తిన రెండు సంవత్సరాలలోపు కేసు వేయాలి. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఒకే విషయం మీద కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ఆ ఫిర్యాదును తీసుకోరు. కాబట్టి ముందు ఖర్చు లేని మార్గాన్ని ప్రయత్నించండి.

7. చెక్కు తిరిగివస్తే

కొన్ని సందర్భాలలో బ్యాంకు చెక్కు సొమ్మును ముందుగా జమ చేస్తుంది. అది తాత్కాలిక జమ. తరువాత చెక్కు చెల్లలేదని తెలిస్తే ఆ సొమ్మును వెనక్కు తీసుకుంటుంది. జమ చేసేటప్పుడు కొనుగోలు రేటు, వెనక్కు తీసుకునేటప్పుడు అమ్మకం రేటు వాడతారు. కనుక జమ అయినదానికంటె ఎక్కువ పోతుంది. దీనికి తోడు చెక్కు తిరిగివచ్చిన రుసుములు పడతాయి. ఇక్కడ కూడా పద్దులవారీ లెక్క అడగండి.

దీనిలో మరొక ప్రమాదం ఉంది. పరిచయం లేనివారు ఎవరైనా పెద్ద మొత్తానికి విదేశీ చెక్కు పంపి, "కొంత మీరు ఉంచుకొని మిగతాది మాకు పంపండి" అంటే నమ్మవద్దు. ఖాతాలో సొమ్ము కనిపించినా చెక్కు చెల్లినట్టు కాదు. మీరు పంపిన డబ్బు పోతుంది, జమ అయినదీ పోతుంది.

8. చెక్కు వేయక ముందే

జబ్బు వచ్చాక మందు వెతకడం కంటె రాకుండా చూసుకోవడం మేలు. చెక్కు బ్యాంకులో ఇచ్చే ముందు ఇవి చూడండి.

తేదీ: అమెరికాలో నెలను ముందు, తేదీని తరువాత రాస్తారు. 05/06 అంటే అక్కడ మే 6. అక్కడి బ్యాంకులు ఆరు నెలలు దాటిన చెక్కుకు సొమ్ము ఇవ్వనవసరం లేదు. చెక్కు చేరి, తిరిగి వెళ్లడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

పేరు: చెక్కు మీద ఉన్న పేరు, మీ ఖాతాలోని పేరు ఒకటేనా? ఇంటిపేరు ముందు వెనుకలైనా చెక్కు తిరిగిరావచ్చు.

ఖర్చు: "ఎంత అవుతుంది?" అని అడిగితే కమీషను మాత్రమే చెబుతారు. "కమీషను ఎంత, కొరియరు ఎంత, విదేశీ బ్యాంకు ఎంత పట్టుకుంటుంది, ఏ రేటు వేస్తారు, పన్ను ఎంత?" అని అయిదూ అడగండి. జవాబులను చెక్కు స్లిప్పు వెనుక రాసుకోండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా రాయండి.

చెక్కు మరీ చిన్నదైతే వేయకపోవడమే లాభం కావచ్చు. పంపేవారికి చెప్పి, నేరుగా మీ ఖాతాకు బ్యాంకు ద్వారా పంపమనండి. సొమ్ము త్వరగా వస్తుంది. దానికీ ఖర్చు ఉంటుంది. కాని ఎంత చేరుతుందో ముందే తెలుసుకునే వీలు ఎక్కువ.

మీరు నేర్చుకున్నది

విదేశీ చెక్కు రెండు మూడు బ్యాంకుల చేతులు మారి సొమ్ము అవుతుంది. ప్రతి చోటా కొంత తగ్గవచ్చు. ప్రతినిధి బ్యాంకు రుసుము, రేటులో తేడా, కమీషను, కొరియరు, పన్ను అనే అయిదు పద్దులుగా ఆ తగ్గింపును విడదీయవచ్చు. రుసుము పట్టికలో లేకపోయినా, పట్టికను మించినా, ఖర్చుకు ఆధారం లేకపోయినా ప్రశ్నించవచ్చు. ముందు లెక్క అడగాలి, తరువాత కచ్చితమైన మొత్తాన్ని అడగాలి. బ్యాంకు 30 రోజులలో జవాబు ఇవ్వకపోతే అంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లవచ్చు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. బ్యాంకు ఖాతాలో ఉన్నది మీ సొమ్ము. దాని లెక్క అడగడం ఎవరినీ అవమానించడం కాదు. 472 రూపాయలు చిన్న మొత్తమే కావచ్చు. ఒక నెల మందులకు అది చాలవచ్చు.

పాఠాంత ప్రశ్నలు

1. విదేశీ చెక్కు సొమ్ముగా మారే నాలుగు మెట్లను మీ మాటలలో రాయండి.
2. చిన్న చెక్కు మీద ఛార్జీల భారం ఎందుకు ఎక్కువగా ఉంటుంది?
3. మీ దగ్గరి బ్రాంచికి వెళ్లి సేవా రుసుముల పట్టికను చూడండి. విదేశీ చెక్కుకు సంబంధించిన పద్దులను రాసుకోండి.
4. 100 డాలర్ల చెక్కుకు పట్టికలో ఉన్న కమీషను 250 రూపాయలు. బ్యాంకు 350 తీసుకుంది. పన్నుతో సహా ఎంత తిరిగి రావాలో లెక్క వేసి, బ్యాంకుకు ఉత్తరం రాయండి.

జవాబులు

పాఠంలోని ప్రశ్నలు – 1: 1. ప్రతినిధి బ్యాంకు రుసుము, మారకపు రేటులో తేడా. 2. 500 రూపాయల మీద 18 శాతం, అంటే 90 రూపాయలు.

పాఠంలోని ప్రశ్నలు – 2: 1. 5 డాలర్లు, 79 రూపాయల చొప్పున 395 రూపాయలు. 2. ఏ రోజున ఫిర్యాదు చేశామో రుజువు చేయడానికి, 30 రోజుల గడువు లెక్కించడానికి.

పాఠాంత ప్రశ్న 4: ఎక్కువ తీసుకున్నది 100 రూపాయలు, పన్ను 18 రూపాయలు, మొత్తం 118 రూపాయలు.